కొరెల్లి వయొలిన్ సొనాటాను గాంబా మీదికి దించుకోవడం

1700 జనవరి 1న రోమ్‌లో అచ్చయిన, ఇటలీ వయొలిన్ విద్వాంసుడు కొరెల్లి ఐదో ఓపస్‌లో (సంపుటిలో) పన్నెండు సొనాటాలు, అంటే వాద్య రచనలున్నాయి. అన్నీ ఒక వయొలిన్‌కీ, దాని కింద నడిచే బాసుకీ రాసినవి. తర్వాత అరవై డెబ్బై ఏళ్ల పాటు యూరప్‌లో వయొలిన్ పట్టినవాళ్లంతా వీటి మీదే చేయి తిప్పారు. వయోలా డ గాంబా (కాళ్ల మధ్య నిలబెట్టి కమానుతో వాయించే, మెట్లున్న తీగ వాద్యం) వాళ్లు చూస్తూ ఊరుకోలేదు. ఈ సొనాటాలను గాంబాకి మార్చి రాసుకున్న చేతిప్రతి ఒకటి పారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. రాసినవాళ్ల పేరు దాని మీద లేదు. వాళ్లు చేసుకున్న పనే మీరూ చేసుకోవచ్చు. ఆరు తీగల బాస్ గాంబా మీద ఏడు మెట్ల వరకూ చేయి తిరిగితే, స్టాఫ్ నొటేషన్ చదవడం వస్తే చాలు. అసలు అచ్చు ప్రతి స్కాన్ ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ సంగీత గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతుంది.

స్వరాలను దించి రాసుకోవడం ఒక సాయంత్రం పని. ఆ పాటలోని ఇటాలియన్ విసురు చేతికి రావడానికి మాత్రం నెలలు పడుతుంది. ఆ విసురు దాదాపుగా కమాను చేతిలోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఎక్కువ మాటలు దాని గురించే.

ఏ సొనాటాతో మొదలుపెట్టాలి

ఏడోది, డి మైనర్. గాంబా పై తీగా డి, అడుగు తీగా డి. మధ్యలో జి, ఎ తీగలున్నాయి. డి ని షడ్జమం అనుకుంటే షడ్జమం, మధ్యమం, పంచమం మూడూ ఖాళీ తీగల మీదే దొరుకుతాయి. మీరు వేరే స్వరం వాయిస్తున్నా ఈ తీగలు వెనక సన్నగా కంపిస్తూ వాద్యాన్ని నిండుగా పలికిస్తాయి. ఈ సొనాటాలో ప్రెల్యూడియో, కొరెంటె, సరబాండ, జీగ అని నాలుగు భాగాలు. సరబాండ ఒక్కటే నెమ్మది, మిగతా మూడూ హుషారు నడకలు.

మొదటి ఆరు సొనాటాల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. వాటిలో ఒకే వయొలిన్ రెండు గొంతుకలతో నడిపించే ఫ్యూగ్ (ఒక గొంతుక ఎత్తుకున్న ముక్కని ఇంకోటి వెంటాడే) భాగాలున్నాయి. అవి జంట స్వరాలతో నిండి ఉంటాయి, ఆ కష్టం సంగతి కింద చెబుతాను. పదకొండోది ఇ మేజర్‌లో ఉంది. అందులో గాంబా ఖాళీ తీగల్లో ఇ, ఎ తప్ప మిగతావి పనికి రావు. అది కావాలంటే ఒక పూర్తి స్వరం దించి డి మేజర్‌లో రాసుకోండి. పన్నెండోది ఫోలియా, పాత బాణీ ఒకదాని మీద అల్లిన మార్పుల వరుస. అదీ డి మైనరే కానీ దాన్ని చివరికి ఉంచుకోవడం మంచిది.

శ్రుతి, మెట్లు

అడుగు నుంచి పైకి డి, జి, సి, ఇ, ఎ, డి. తీగల లెక్క మాత్రం పై తీగ నుంచి, అది ఒకటోది. గిటార్ అలవాటున్న చేతికి ఇది కొత్తగా ఉండదు. పక్కపక్క తీగల మధ్య నాలుగో స్వరం దూరం, ఒక్కచోట మాత్రం గాంధారం దూరం. గిటార్‌లో ఆ గాంధారం రెండో, మూడో తీగల మధ్య వస్తుంది, గాంబాలో మూడో, నాలుగో తీగల మధ్య. వయొలిన్ తీగల మధ్య అంతటా పంచమం దూరమే. వయొలిన్ కోసం పుట్టిన వేళ్ల అమరిక గాంబా మీద ఎక్కడికక్కడ మారిపోవడానికి కారణం ఇదే. ఫ్రాన్స్‌లో గాంబా గురువు సాంత్ కొలోంబ్ కాలంలో చేరిన ఏడో తీగ, అడుగు ఎ, మీ వాద్యానికి ఉంటే ఉండనివ్వండి. ఈ పనికి అది అక్కర్లేదు.

ఎ ని 415 హెర్ట్జ్‌కి పెట్టుకోండి. ఇప్పటి 440 కన్నా ఇది దాదాపు అర స్వరం తక్కువ. పేగు తీగలున్న గాంబాని 440కి బిగిస్తే పై డి తెగడానికి సిద్ధంగా ఉంటుంది.

వీణ మెట్లు మైనంలో కూర్చుని కదలవు. గాంబా మెట్లు మెడ చుట్టూ పేగు తీగతో కట్టిన ముడులు, వేలితో జరుగుతాయి. కొలత తీసుకోకుండా కళ్లతో అంచనా వేస్తే ఏదో ఒక మెట్టు తేడా వస్తుంది. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే కట్టె) నుంచి గుర్రం (తీగలను మోసే బ్రిడ్జి) దాకా తీగ పొడవు 70 సెంటీమీటర్లయితే, నట్ నుంచి మెట్లు ఇలా పడాలి: 3.9, 7.6, 11.1, 14.4, 17.6, 20.5, 23.3 సెంటీమీటర్లు. మీ తీగ పొడవు వేరైతే అదే నిష్పత్తిలో పెంచండి, తగ్గించండి. ఇది అన్ని అర స్వరాలూ సమానంగా ఉన్న లెక్క. మొదలుపెట్టడానికి ఇది సరిపోతుంది. మొదటి మెట్టుకి 1 మిల్లీమీటరు పైచిలుకు మందం పేగు వాడి, కిందికి వెళ్లేకొద్దీ సన్నది కట్టండి. అన్నిటికీ ఒకే మందం కడితే ఖాళీ తీగ మొదటి మెట్టుకి తగిలి జరజరలాడుతుంది.

డి మైనర్‌లో ఒక చిక్కు తప్పదు. మొదటి మెట్టు మీద వచ్చే ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ కాస్త ఎత్తుగా ఉంటే ఆ కాలపు శ్రుతికి ఇంపుగా ఉంటాయి. అందుకని మెట్టుని రెండు మిల్లీమీటర్లు గుర్రం వైపు జరిపామా, అదే మెట్టు మీద నాలుగో తీగ ఇచ్చే సి షార్ప్ మరీ ఎత్తయి చెవికి గుచ్చుకుంటుంది. దాన్ని ఐదో తీగ ఆరో మెట్టు మీద వాయించండి. స్వరం అదే, చోటు వేరు. లేదా మెట్టుకి చుట్టిన రెండు పేటలను కొద్దిగా విడదీసి, ఒక పేటని ఫ్లాట్ స్వరాలకి, ఇంకోదాన్ని సి షార్ప్‌కి అమర్చుకోవచ్చు. రెండో పద్ధతి చూడ్డానికి విడ్డూరంగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

విశాఖ, చెన్నై లాంటి తీరం ఊళ్లలో పేగు తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఏసీ గదిలో ఎండిపోతుంది. గది మారగానే శ్రుతి చేయకండి. అరగంట వాద్యాన్ని ఆ గాలికి అలవాటు పడనివ్వండి, అప్పుడు బిరడాల మీద చేయి వేయండి. ముందే శ్రుతి చేస్తే పది నిమిషాల్లో మళ్లీ అదే పని.

స్థాయి దించడం

వయొలిన్ భాగాన్ని సరిగ్గా ఒక స్థాయి కిందికి దించాలి. గిటార్ వాళ్లు ట్రెబుల్ క్లెఫ్ చదివి ఒక స్థాయి కింద వాయించినట్టే ఇక్కడా చేయొచ్చు, తిరగరాసే శ్రమ కూడా తగ్గుతుంది. దించాక వయొలిన్ నాలుగు ఖాళీ తీగలూ ఎక్కడ పడతాయో చూడండి. జి మీ ఐదో తీగ ఖాళీగా, డి మీ నాలుగో తీగ రెండో మెట్టు, ఎ మీ రెండో తీగ ఖాళీగా, ఇ మీ పై తీగ రెండో మెట్టు. అంటే వయొలిన్ మీద ఖాళీ తీగగా మెరిసిన నాలుగు స్వరాల్లో రెండు మీకు వేలి కిందికి వచ్చాయి. వయొలిన్ ఖాళీ ఇ మీద పదే పదే కొట్టి వాలే చోట్ల ఆ మెరుపు మీకు రాదు. ఆ చోట్ల రెండో మెట్టు మీద వేలు ఎత్తకుండా మెట్టుకి ఆనించి ఉంచితే ఖాళీ తీగకి దగ్గరి ధ్వని వస్తుంది.

పైవైపు కొరెల్లి వయొలిన్‌ని ఎక్కువగా మూడో పొజిషన్ (ఎడమచేయి మెడ మీద కొంచెం పైకి జరిగే చోటు) లోపే ఉంచాడు. ఆ పొజిషన్‌లో చిటికెనవేలి కింద పడే డి, దించాక, మీ పై తీగ సరిగ్గా సగంలో, నట్ నుంచి 35 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. ఏడో మెట్టు 23.3 దగ్గర ఆగిపోయింది. మధ్యలో ఉన్న దాదాపు 12 సెంటీమీటర్లలో మెట్లు లేవు. బి ఫ్లాట్ 25.9, సి 30.7, సి షార్ప్ 32.9 దగ్గర ఉంటాయి. అక్కడ తీగని ఆపేది మెట్టు కాదు, వేలి కండ. అందుకే ధ్వని మూసుకుపోతుంది. విరుగుడు రెండు: వేలి కొనని గోరుకి దగ్గరగా నిలబెట్టి గట్టిగా నొక్కడం, కమానుని గుర్రం వైపు ఒక సెంటీమీటరు జరపడం. డి సరైనదో కాదో తేల్చుకోవడానికి అదే చోట వేలు నొక్కకుండా తాకించి వాయించండి. తేట స్వరం మోగితే అదే సగం.

ఇలా దించడం వాద్యానికి ద్రోహం అనుకునేవాళ్లుంటారు. కానీ బాఖ్ తన రెండు ఫ్లూట్‌ల సొనాటాని (బాఖ్ రచనల జాబితాలో బీడబ్ల్యూవీ 1039) గాంబా సొనాటాగా (బీడబ్ల్యూవీ 1027) మార్చినప్పుడు ఒక ఫ్లూట్ భాగాన్ని ఒక స్థాయి దించి గాంబాకే ఇచ్చాడు.

దించిన తర్వాత తప్పక చూడాల్సింది బాసుతో గుద్దులాట. వయొలిన్ ఎప్పుడూ బాసుకి ఎత్తులో ఉండేది. మీరిప్పుడు బాసు ఇంట్లోకే దిగారు. రెండు వరుసలనూ ఒకదాని కింద ఒకటి పెట్టుకుని, మీ స్వరం బాసు కన్నా కిందికి పోయిన ప్రతి చోటా పెన్సిలుతో సున్నా చుట్టండి. ఆ చోట్ల మీ స్వరమే బాసుగా వినబడుతుంది. అసలు బాసు పైన తేలి, స్వరమేళం తలకిందులవుతుంది. ఐదో తీగ దగ్గరికి మీరు దిగినప్పుడల్లా ఇది జరగొచ్చు. అక్కడి ముక్కని వయొలిన్ అసలు ఎత్తుకే లేపండి. కానీ మెట్లు దిగుతున్న స్వరమాల మధ్యలో లేపకండి, నవ్వులపాలవుతుంది. విరామం దగ్గరో, పెద్ద దూకుడు ఉన్న చోటో మార్చితే చెవి పట్టుకోదు. హార్ప్సికార్డ్ (తీగలను మీటే కీబోర్డు వాద్యం) తోడుంటే ఇంకో దారి ఉంది. ఆ మాత్రల్లో (స్టాఫ్ మీద నిలువు గీతల మధ్య ముక్కల్లో) ఎడమచేతిని ఒక స్థాయి కింద వాయించమని అడగండి.

తోయడం, లాగడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి. పాట బయటికి వచ్చేదీ, పాడయ్యేదీ ఇక్కడే.

వయొలిన్ కమానుని పైనుంచి పట్టుకుంటారు. లాగినప్పుడు పిడి దగ్గర మొదలై కొన దాకా పోతుంది. పిడి దగ్గర చేతి బరువంతా ఉంటుంది, కొన దగ్గర ఉండదు. అందుకే లాగుడు స్వరం తనంతట తానే దెబ్బతో మొదలై సన్నగిల్లుతుంది. ఇటాలియన్ వయొలిన్ వాళ్లు మాత్ర మొదటి దెబ్బకి లాగుడు పెట్టుకున్నది అందుకే.

గాంబా కమానుని కిందనుంచి, అరచేయి పైకి పెట్టి పట్టుకుంటాం. కర్ర బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంటుంది. మధ్యవేలు కర్రకీ వెంట్రుకలకీ మధ్య దూరి వెంట్రుకలను తీగ వైపు నెడుతుంది. ఈ పట్టులో బలమైన దెబ్బ తోయడం. తోసేటప్పుడు కమాను కొన దగ్గర మొదలై పిడి వైపు వస్తుంది. దాంతో స్వరం ఖాళీగా మొదలై, చివరికి వచ్చేసరికి తనంతట తానే ఉబ్బుతుంది. వయొలిన్‌కి సరిగ్గా ఎదురు. ఫ్రెంచి గాంబా వాళ్లకి ఈ ఉబ్బు అందం. వాళ్లలో పేరున్న మరేయ్ తన పుస్తకాల్లో దానికి ప్రత్యేకంగా గుర్తు కూడా పెట్టాడు. కొరెల్లి అల్లెగ్రోలో అదే ఉబ్బు వచ్చిందంటే ప్రతి దెబ్బా వెనకబడ్డట్టు, పాట ఆయాసపడుతున్నట్టు ఉంటుంది.

కాబట్టి రెండు పనులు. ఒకటి, వయొలిన్ భాగంలో లాగుడు ఉండాల్సిన చోటల్లా మీరు తోయాలి. పేజీ మీద 'తో', 'లా' అని రాసుకోండి. ఫ్రెంచి వాళ్లు పి, టి అని రాసుకున్నది ఇదే. రెండోది, తోపుని మొదట్లోనే కరిపించి, పిడి దగ్గర పడుతుండగా మధ్యవేలిని వదిలెయ్యాలి.

కరిపించడం ఎలాగో రెండో తీగ మీద నేర్చుకోండి. కొన నుంచి ఒక జానెడు లోపలికి వచ్చి, గుర్రానికి 5 నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో కమానుని తీగ మీద ఆనించండి. ఇంకా కదపొద్దు. మధ్యవేలితో వెంట్రుకలను నొక్కి, మణికట్టుని ఆవగింజంత తోయండి. తీగ వెంట్రుకలకి అతుక్కుని పక్కకి రావాలి, శబ్దం రాకూడదు. ఆ బిగువుతో ఉన్నప్పుడు ఒక్కసారి నొక్కు సగానికి వదిలి తోసెయ్యండి. 'త' అని పలకాలి. 'కీ' అంటే నొక్కు వదలకుండానే తోశారు. 'హా' అంటే తీగ అతుక్కోకముందే కమాను కదిలింది. ఇదే లాగుడు వైపూ చేయండి, కాకపోతే నొక్కు ఇంకా తక్కువ, 'ద' అన్నంత. మెట్రోనోమ్ 60 మీద దెబ్బకి నాలుగు స్వరాలు, త-ద-త-ద, రోజూ పది నిమిషాలు. వారం తర్వాత 72కి పెంచండి. 'త' కరిగిపోతే వెనక్కి రండి.

ఈ త-ద లు ఎంతసేపు ఉండాలన్నది భాగాన్ని బట్టి. జీగలో స్వరాల మధ్య గాలి కనబడాలి. ప్రెల్యూడియోలో వరసగా నడిచే స్వరాలు పక్కపక్కనే ఉండాలి, దూకే స్వరాలు విడివిడిగా తెగాలి. స్లర్ రాసి ఉంటే తప్ప స్వరానికో కమాను, ఇది ఇటాలియన్ అలవాటు.

మూడు దెబ్బల భాగాల్లో లెక్క తప్పుతుంది. కొరెంటెలో మూడు పెద్ద స్వరాల మాత్ర వస్తే తో-లా-తో అయ్యి, తర్వాతి మాత్ర లాగుడుతో మొదలవుతుంది. బలం తారుమారు. తో-లా-లా చేయండి. మొదటి లాగుడు తర్వాత కమానుని తీగ మీదే ఆపి, అదే దిక్కులో మళ్లీ కొంచెం లాగడం. ఎత్తి వెనక్కి తేవద్దు, ఆ ఖాళీలో నడక కుంటుతుంది. ఆరు చిన్న స్వరాల మాత్రకి ఈ గొడవ లేదు, సరిసంఖ్య కాబట్టి ప్రతి మాత్రా తోపుతోనే వస్తుంది. మాత్రకి ముందు ఒంటరిగా వచ్చే ఎత్తుగడ స్వరం ఎప్పుడూ లాగుడే.

ఇంకొక అలవాటు ఫ్రెంచి సంగీతం నుంచి వచ్చినవాళ్లని పట్టుకుని ఉంటుంది. వరసగా రాసిన సమాన స్వరాలను పొడుగు-పొట్టి చేసి ఊగించడం. ఇటాలియన్లు తమ స్వరాలను ఎంత పొడుగో అంతే రాస్తారని, ఫ్రెంచి వాళ్లు ఒకటి రాసి ఇంకోలా వాయిస్తారని 1716లో ఫ్రెంచి హార్ప్సికార్డ్ విద్వాంసుడు కూప్రాన్ తన వాళ్లకే చెప్పాడు. ఇక్కడ రాసింది రాసినట్టే, సమానంగా.

జంట స్వరాలు, కార్డులు

నాలుగో స్వరం దూరంలో ఉన్న తీగల మీద గాంధారం దూరపు జంట సులువు. పెద్ద గాంధారానికి పై తీగ మీద ఒక మెట్టు తక్కువ, చిన్న గాంధారానికి రెండు మెట్లు తక్కువ. పై రెండు తీగల మీద వాయించి చూడండి: బి ఫ్లాట్-డి అంటే ఒకటి, ఖాళీ. సి-ఇ అంటే మూడు, రెండు. డి-ఎఫ్ అంటే ఐదు, మూడు. ఇ-జి అంటే ఏడు, ఐదు. చేయి హాయిగా జారుతుంది. వయొలిన్ వాళ్ల కన్నా ఇక్కడ మీకే సుఖం.

ఆరో స్వరం దూరపు జంట (డి మీద బి లాంటివి) దగ్గర లెక్క తిరగబడుతుంది. బి ఫ్లాట్-జి కావాలంటే రెండో తీగ మొదటి మెట్టు, పై తీగ ఐదో మెట్టు. రెండిటి మధ్య 13.6 సెంటీమీటర్లు. పెద్ద చేతికి తప్ప అందదు, అందినా మణికట్టు వంకరపోతుంది. దీన్ని బలవంతంగా సాగదీసి సాధన చేయడమే చాలామంది చేసే తప్పు. బాసు వైపు చూడండి. అక్కడ జి మైనర్ నడుస్తుంటే మధ్యలో డి చేర్చుకోవచ్చు. అప్పుడు బి ఫ్లాట్ మూడో తీగ ఆరో మెట్టుకి, డి రెండో తీగ ఐదో మెట్టుకి, జి పై తీగ ఐదో మెట్టుకి వస్తాయి. ఆరు, ఐదు, ఐదు. చేయి ముడుచుకుని కూర్చుంటుంది, ధ్వని రెట్టింపవుతుంది. గాంబా ఆరు తీగలతో ఉన్నది ఇందుకే, వయొలిన్ రెండు స్వరాలతో సరిపెట్టిన చోట మీరు మూడు వేయొచ్చు. బాసులో ఆ స్వరమేళం లేకపోతే మాత్రం నింపకండి. కింది స్వరం వదిలేసి పైది ఒక్కటే వాయించడం మేలు.

కార్డుని, అంటే కలిసి మోగే స్వరాల గుంపుని, తోపుతో కింది తీగ నుంచి పైకి దొర్లించండి. కింది స్వరం దెబ్బ మీద, పై స్వరం మీద నిలబడాలి. పై స్వరాన్ని దెబ్బ మీద పెట్టబోయి కింది స్వరాలను ముందే తోసేస్తే బాసుతో కలవవు.

సరబాండ

కొరెల్లి నెమ్మది భాగాలు కాగితం మీద ఎముకల్లా ఉంటాయి. వాయించేవాళ్లు కండ పెట్టుకోవాలి. 1710లో ఆమ్స్టర్‌డామ్‌లో ప్రచురణకర్త ఎస్తియెన్ రోజే ఈ ఓపస్‌ని మళ్లీ అచ్చువేసినప్పుడు, మొదటి ఆరు సొనాటాల నెమ్మది భాగాలకి కొరెల్లి తానే వాయించినట్టు అంటూ అలంకారాలు జతచేశాడు. మన ఏడో సొనాటా అందులో లేదు. అయినా ఆ పేజీల్లోని తీరు చూసి నేర్చుకోవచ్చు.

తీరు ఇది. పై తీగ మీద ఎ రెండు దెబ్బలు, తర్వాత ఎఫ్ ఒక దెబ్బ ఉన్నాయనుకోండి. మెట్లలో ఏడు, మూడు. మొదటి దెబ్బ ఎ మీద కదలకుండా నిలవండి. రెండో దెబ్బలో నాలుగు చిన్న స్వరాలు: ఎ, బి ఫ్లాట్, ఎ, జి. మెట్లలో ఏడు, మెట్టు లేని ఎనిమిది, ఏడు, ఐదు. మూడో దెబ్బకి ఎఫ్ మీద వాలండి. ఇదంతా ఒకే తోపులో, కమాను సగం మొదటి దెబ్బకే ఖర్చుపెట్టి. బి ఫ్లాట్ దగ్గర చేయి పైకి జరగనక్కర్లేదు. చూపుడువేలు ఏడో మెట్టు మీద ఉంటే పక్క వేలు 2.6 సెంటీమీటర్ల అవతల పడితే చాలు. ముందు ఎముకలతో పది సార్లు, తర్వాత కండతో. కండ పెట్టినా ఎ నుంచి ఎఫ్ దిగుడు వినబడాలి. వినబడకపోతే స్వరాలు ఎక్కువయ్యాయి, తీసెయ్యండి.

ముగింపు చోట ఇ మీద కంపితం వస్తుంది. పైనున్న ఎఫ్‌తో మొదలుపెట్టి, మొదట్లో నెమ్మదిగా, పోనుపోను త్వరగా కొట్టి డి లో దిగాలి. చూపుడువేలు రెండో మెట్టు, మధ్యవేలు మూడో మెట్టు. మధ్యవేలు మెట్టు మీదే పడితే గరగర, మెట్టుకి బాగా వెనక పడితే మొద్దు శబ్దం. మెట్టుని ఆనుకుని వెనకే పడాలి.

వీణ చేతి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తీగని లాగి గమకం తీయబోతారు. వద్దు. పేగు మెట్టు మీద పేగు తీగ రాసుకుని రెండూ అరిగిపోతాయి, శ్రుతి పైకి పోతుంది. పొడుగు స్వరానికి ఊపు కావాలంటే, నొక్కిన వేలికి పక్కవేలిని ఆనించి తీగ మీద మెల్లగా తట్టడం అనే ఫ్రెంచి అలంకారం ఉంది. అదైనా సరబాండ మొత్తానికి రెండు మూడు చోట్ల చాలు.

బాసు తోడు

అచ్చు ప్రతి ముఖపత్రం మీద బాసుకి 'వియోలోనే లేదా చింబలో' (కమానుతో వాయించే బాసు వాద్యం లేదా హార్ప్సికార్డ్) అని ఉంది. అంటే ఒక్క వాద్యంతోనూ సరిపెట్టుకోవచ్చు. గాంబా సోలోకి హార్ప్సికార్డ్ గానీ థియోర్బో (పొడుగు మెడ ఉన్న మీటు వాద్యం) గానీ మంచి జోడీ, మీటే తీగల ధ్వని మీ కమాను ధ్వనితో కలిసిపోదు. సెల్లో తోడైతే ఇద్దరూ ఒకే ఎత్తులో, ఒకే రంగులో మోగి ఎవరు ఏది వాయిస్తున్నారో తెలియకుండా పోతుంది. సెల్లో తప్పనిసరైతే దానిని పూర్తి పొడుగు స్వరాలు వద్దని, దెబ్బ వేసి వదిలెయ్యమని అడగండి.

ఏడోది చేతికి వచ్చాక

ఫోలియాకి వెళ్లండి, కానీ కొరెల్లి ఫోలియా కన్నా ముందు మరేయ్ ది. 1701లో అచ్చయిన రెండో పుస్తకంలో ఆయన అదే ఫోలియా మీద 32 కుప్లేలు (మార్పులు) రాశాడు, అదీ డి మైనర్‌లోనే. వయొలిన్ పరుగులు, తీగలు దాటే గంతులు గాంబా చేతికి ఎలా కుదిరాయో చూడ్డానికి అంతకన్నా మంచి పేజీలు లేవు. తో, లా లు ఆయనే రాసి పెట్టాడు. అవి వాయించి కొరెల్లికి వస్తే సగం పని అయిపోయి ఉంటుంది.

మరో ఫ్రెంచి గాంబా విద్వాంసుడు ఫోర్కరే దగ్గరికి మాత్రం తొందరపడకండి. ఆయన రచనలను 1747లో కొడుకు అచ్చువేశాడు. ఇటాలియన్ వయొలిన్ చేసేదంతా గాంబా చేయాలన్న పంతం ఆ పేజీల్లో కనబడుతుంది. వయొలిన్ విద్వాంసుడు లెక్లేర్ పేరు పెట్టిన 'లా లెక్లేర్' కూడా అందులోదే. కార్డులు మెట్లు దాటి పైకి పోతాయి. ఏడో మెట్టు పైన ఒంటి స్వరాలే శ్రుతిలో నిలవని చేతికి అవి చేసేది హాని. ఈ పంతం నచ్చనివాళ్లూ ఉన్నారు. 1740లో గాంబా అభిమాని హ్యూబెర్ లె బ్లాం వయొలిన్ దాడి నుంచి, సెల్లో ఆశల నుంచి గాంబాని కాపాడాలని ఆమ్స్టర్‌డామ్‌లో ఒక పుస్తకమే అచ్చువేయించాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

వయొలిన్ వాయించే తోడు దొరికితే స్వరకర్త బుక్స్టెహూడ 1694, 1696లలో అచ్చువేసిన సొనాటాలు తీయండి. వయొలిన్, గాంబా, హార్ప్సికార్డ్ కోసం రాసినవి. ఒకరు అన్న మాటనే ఇంకొకరు తిరిగి అంటుంటారు. ఇద్దరూ ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన, ఒకే వైపు చూస్తూ కూర్చోండి. ఒకే స్వరాల ముక్క ఇద్దరూ కలిసి వాయించే చోట మాత్ర మొదటి దెబ్బకి వయొలిన్ చేయి కుడివైపు పోవాలి, మీ చేయి ఎడమవైపు రావాలి. రెండు చేతులూ ఒకే వైపు పోతున్నాయంటే ఎవరో ఒకరి కమాను తప్పింది. ముందు మీ పేజీ మీద 'తో', 'లా' లు సరిచూసుకోండి.